తండ్రి పేరు అదే

"తండ్రి పేరు?" తల ఎత్తకుండానే అడుగుతాడు టైపిస్టు.

చెబుతావు. కోర్టు గోడవారన చెట్టు కింద బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన ప్రింటరు, గాలికి ఎగరకుండా రాయి పెట్టిన బాండ్ పేపర్ల కట్ట. 2024 జూలై. రాత్రి పడ్డ వానకు నేలంతా బురద. చీర కుచ్చిళ్లు ఎడమ చేత్తో కాస్త ఎత్తి పట్టుకుని, ఎవరో వేసి ఉంచిన ఇటుక మీద నిలబడ్డావు. నీ వెనక కిరాయి అగ్రిమెంటు కోసం వచ్చిన ఒకాయన, ఆయన వెనక పొలం కాగితాల సంచిని ఛాతీకి అదుముకున్న ముసలమ్మ.

పేరు మార్పు అఫిడవిట్ అతనికి నోటికి వచ్చు. మ్యాటరంతా కంప్యూటర్లో ఎప్పుడో కొట్టి పెట్టుకున్నాడు, ఖాళీలు నింపడమే పని. నీ పాత పేరు, సన్ ఆఫ్, తండ్రి పేరు, వయసు ఇరవై ఏడు, వృత్తి మగ్గం వర్క్, నివాసం బోరబండ. ఇకనుంచి అన్ని వ్యవహారాల్లో నన్ను ఫలానా పేరుతోనే గుర్తించవలెను అనే చోటికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోతాయి. ఇప్పుడు తల ఎత్తుతాడు.

"కొత్తది ఆడపేరు ఉన్నది కదా."

"అవునన్నా."

చూస్తాడు. ఆ చూపు దారి నీకు బాగా తెలుసు. ముందు మొహం, తర్వాత మెడ, ఆ తర్వాత చేతులు, మళ్లీ మొహం. కొందరి దగ్గర అది నవ్వుతో ఆగుతుంది, కొందరి దగ్గర భయంతో. ఇతని దగ్గర ఒక సందేహంతో ఆగింది.

"మరి సన్ ఆఫ్ ఉంచాల్నా, డాటర్ ఆఫ్ కొట్టాల్నా?"

ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ఎగతాళికైతే నీ నాలుక మీద పది జవాబులుంటాయి. ఇలాంటి ప్రశ్నకే తడబడతావు.

"పాత పేరు పక్కన సన్ ఆఫ్, కొత్త పేరు పక్కన డాటర్ ఆఫ్."

"తండ్రి పేరు అదే?"

"అదే."

ఏళ్లుగా నీతో ఒక్క మాట మాట్లాడని మనిషి పేరు ఒకే కాగితం మీద రెండుసార్లు అచ్చవుతుంది. ఆయన్ని అడగనక్కర్లేదు, ఆయన సంతకమూ అక్కర్లేదు. కావాలంటే ఇంటిపేరు కూడా వదిలేసుకోవచ్చని తోటివాళ్లు చెప్పారు. నువ్వు వదల్లేదు.

నోటరీ మేడమ్ రిజిస్టరు నీ వైపు తిప్పి, పాత సంతకం ఒకటి, కొత్త సంతకం ఒకటి పెట్టమంటుంది. పాతది కళ్లు మూసుకున్నా పడుతుంది. కొత్తది ఆర్డర్ల పుస్తకం వెనక పేజీల్లో ఎన్నిసార్లు రాసి చూసుకున్నా ఇప్పుడు సగంలో పెన్ను మొరాయిస్తుంది. ఎర్ర సీలు, ఆకుపచ్చ ఇంకు. అయిపోయింది.

చట్టం చదివితే ఈ చెట్టు కిందికి నువ్వు రావాల్సిన పనే లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జనవరి నుంచి అమలవుతోంది. జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టరు, ఇచ్చే గుర్తింపు పత్రం ఒక్కటి చేతిలో ఉంటే జనన ధ్రువపత్రం మొదలు అన్ని గుర్తింపు కాగితాల్లోనూ పేరు మార్పించుకోవచ్చని ఏడో సెక్షన్‌లో ఉంది. ఆ పత్రం నీ దగ్గరుంది. అయినా ఏ కౌంటరుకు వెళ్లినా మాట ఒకటే: "ఇది సరే, గెజిట్ ఏది?" గెజిట్ కావాలంటే అఫిడవిట్, పత్రికా ప్రకటన. అందుకే ఈ బురద, ఈ ఇటుక.

ఆ పత్రం కూడా ఊరికే చేతికి రాలేదు. దరఖాస్తు ట్రాన్స్‌జెండర్ల జాతీయ పోర్టల్‌లో పెట్టావు. ఆ చట్టం కింద అప్పుడున్న 2020 నిబంధనల ప్రకారం వైద్య పరీక్ష ఏదీ అడగకూడదు, నా గురించి నేను చెబుతున్నది ఇదీ అని నువ్విచ్చే అఫిడవిట్ చాలు, ముప్పై రోజుల్లో పత్రం ఇచ్చేయాలి. దీనికి మూలం 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో ఇచ్చిన తీర్పు. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని అందులో జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ తేల్చారు. కానీ కలెక్టరేట్‌లో నీ ఫైలు జస్టిస్ సిక్రీ చూడరు. గుమస్తా చూస్తాడు.

"డాక్టరు సర్టిఫికెట్ పెట్టలేదేంది?"

ఫోన్‌లో నిబంధన తెరిచి చూపిస్తావు. శ్రద్ధగా చదువుతాడు, తల ఊపుతాడు. "రూలైతే ఉన్నది. కానీ సార్ అడుగుతడు." లోపలి గదికి ఫోన్ కలుపుతాడు. "సార్, ఆ ట్రాన్స్‌జెండర్ కేసు వచ్చిండు... వచ్చింది..." గొంతు సవరించుకుని, "వచ్చిన్రు సార్." మూడో మాట దగ్గర కుదుటపడ్డాడు. ఫోన్ పెట్టేశాక నిన్ను కుర్చీలో కూర్చోమంటాడు, అంతసేపూ నిలబెట్టిన సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు.

ఇంకో చిక్కు. చట్టం ఫస్ట్ నేమ్ మార్చుకోవచ్చంటుంది. ఢిల్లీలో రాసిన మాట అది. మనకు ముందుండేది ఇంటిపేరు, అసలు పేరు తర్వాత వస్తుంది. నీ ఆధార్‌లోనూ అదే వరస. గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "నీ ఫస్ట్ నేమ్ ఇంటిపేరైతది కదా, మరి దాన్ని మారుస్తవా?" అని అడుగుతాడు. నవ్వొస్తుంది నీకు. అతనూ నవ్వుతాడు. ఆ ఆఫీసులో మీరిద్దరూ ఒకే విషయానికి నవ్వింది అదొక్కసారే.

నీ హిజ్రా గురువు ఇదంతా విని పెదవి విరిచింది. "సర్కారోళ్ల బుక్కుల పేరెందుకు ఎక్కిస్తున్నవే?"

ఆమె భయానికి వందేళ్ల చరిత్ర ఉంది. నిజాం కాలంలో, ఫస్లీ 1329లో, అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యంలో వచ్చిన ఒక చట్టం హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో రాసి ఉంచమంది. మగపిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం పేరుతో. ఆ రిజిస్టరులో పేరున్న మనిషి ఆడవేషంలో, నగలతో వీధిలో కనిపించినా, పాడినా ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన కేసులో 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకూ ఇవ్వాలని అదే తీర్పులో చెప్పింది. అంటే నువ్వు పోర్టల్‌లో పేరు నింపుతున్న నాటికి ఆ పాత రిజిస్టరు రద్దయి ఏడాది కూడా కాలేదు. గురువు మాట చాదస్తమని ఎలా అంటాం?

పైగా పేరు నీకెప్పుడో వచ్చేసింది. గురువు దగ్గర చేరి, తన మనిషిగా చేర్చుకునే రీత్ తంతు జరిగిన రోజున, నలుగురు పెద్దవాళ్ల ముందు, కొత్త చీర కప్పి ఆమె నోరారా పిలిచిన పేరే అది. బాండ్ పేపరు లేదు, సాక్షుల ఆధార్ జిరాక్సులు లేవు. మరుసటి పొద్దున టీ తెమ్మని కేకేసినప్పటికే అది పాత అలవాటులా ఉంది. ప్రభుత్వం ఇప్పుడు చేస్తున్నది ఆ పిలుపుకు నకలు తీయడమే.

పత్రికా ప్రకటన ఇచ్చావు, తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి. అచ్చయిన రోజు టీ కొట్టు దగ్గర నిలబడి వెతుక్కుంటావు. పోయిన డాక్యుమెంట్లు, అమ్మకానికి ప్లాట్లు, వాటి కింద పేరు మార్పులు. నీది రెండు అంగుళాలు కూడా లేదు. నీ పైన ఒకాయన న్యూమరాలజీ ప్రకారమో ఏమో, పేరులో ఇంకో "ఎ" చేర్చుకున్నాడు. నీ కింద ఒకామె పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు ప్రకటించింది. పేరు మార్చుకోవడం మన దగ్గర వింతేమీ కాదు. కొణిదెల శివశంకర వరప్రసాద్ చిరంజీవి అయ్యాడు, ఊరూవాడా ఈలలేసింది. దత్తత వెళ్తే ఇంటిపేరు మారుతుంది, సన్యాసం తీసుకుంటే పేరే మారుతుంది. ఆ అదనపు "ఎ" ఆయన్ని ఏ గుమస్తా అయినా డాక్టరు సర్టిఫికెట్ అడిగాడా? నీ విషయంలో ఎవరూ పేరు గురించి అడగడం లేదు. పేరు నెపంతో ఒంటి గురించి అడుగుతున్నారు.

గెజిట్ అచ్చేసే ప్రభుత్వ ముద్రణాలయం చంచల్‌గూడలో ఉంది. కోఠిలో బస్సెక్కుతావు. సిటీ బస్సులో ముందు సగం ఆడవాళ్లది, వెనక సగం మగవాళ్లది. నువ్వు మధ్య కమ్మీ పట్టుకుంటావు. ముందుకు జరిగితే ఏ పెద్దామె మొహం తిప్పుకుంటుందోనని బెరుకు, వెనక్కి జరిగితే ఏ చేయి ఎక్కడ తగులుతుందోనని భయం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఉచిత ప్రయాణం ఉంది. ఉచితమంటే ఉత్త చేతులతో ఎక్కడం కాదు, గుర్తింపు కార్డు చూపిస్తేనే జీరో టికెట్. నీ ఆధార్‌లో మీసాలు మొలవని కుర్రాడి ఫొటో ఉంది. మొదట్లో ఆ కార్డు తీయలేక డబ్బిచ్చి టికెట్ కొనుక్కునేదానివి. ఇప్పుడు కలెక్టరు సంతకమున్న కార్డు ఉంది.

కండక్టరమ్మ దాన్ని తిప్పి చూస్తుంది. ఇలాంటి కార్డు ఆమె చేతికి రావడం ఇదే మొదలేమో. మిషను టికెట్ కక్కుతుంది, సున్నా రూపాయలు. "ముందుకు జరుగమ్మా, మలక్‌పేట్ల మస్తుమంది ఎక్కుతరు" అని ఆడవాళ్ల వైపు చేయి చూపిస్తుంది. ఆమెకు అది జనాన్ని సర్దే పని. జరుగుతావు. సీటులో ఉన్నామె కాళ్లు కాస్త లోపలికి తీసుకుంటుంది. చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ కంపు కొడుతుంది, అందరితో పాటు నువ్వూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటావు.

నల్గొండ చౌరస్తాలో దిగి నడుస్తావు. జైలు గోడ, ములాఖత్ కోసం టిఫిన్ డబ్బాలతో కాచుకున్న కుటుంబాలు. ప్రెస్సు ఆఫీసులో నీ పని తొందరగానే అయిపోతుంది. అఫిడవిట్, పేపరు కటింగులు, ఫొటో, చలానా. అక్కడ రోజూ వచ్చేది పేర్లు మార్చుకునే జనమే కాబట్టి నీ మొహం కేసి ఎవరూ రెండోసారి చూడరు.

కొన్నాళ్లకు తెలంగాణ రాజపత్రంలో నీ వరుస పడింది. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చదువుకుంటావు. లోకమంతా మరిచిపోవాలని నువ్వు కోరుకునే పేరు అందులో ముందుంది, నీ పేరు దాని తర్వాత. ఫలానా అని పిలవబడిన వ్యక్తి ఇకపై ఫలానా. కొత్త పేరు చెల్లాలంటే పాత పేరు శాశ్వతంగా అచ్చయి ఉండాలి. ఈ కాగితాన్ని ఇకనుంచి నువ్వు ప్రతి కౌంటరు మీదా పెట్టాలి, అంటే చంపేసుకున్న పేరును ప్రతిచోటా నువ్వే పరిచయం చేయాలి. దీనికి విరుగుడు లేకపోలేదు. మార్పు జరిగిందని చెప్పే ఒక నంబరు చాలు, పాత పేరు జనం కళ్లబడనక్కర్లేదు. అలా చేయాలని ఎవరికీ తోచలేదు, తోచినవాళ్ల చేతిలో కలం లేదు.

తర్వాత ఆధార్. ఒక కేంద్రంలో టోకెన్ తీసుకుని కూర్చుంటావు. పిలుపు నంబరుతో వస్తుంది. ఎంత హాయిగా ఉందో! పేరు పెట్టి పిలిచే ఆసుపత్రుల్లో, పాత పేరుకు నువ్వు లేచి నిలబడినప్పుడు బెంచీలన్నీ ఒక్కసారి నీ వైపు తిరగడం గుర్తొస్తుంది. అందుకే జ్వరమొచ్చినా నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్‌కే పోయేదానివి, అక్కడ కౌంటరు వెనకున్నదీ ట్రాన్స్ మనుషులే కాబట్టి. 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు ఉస్మానియా ఆసుపత్రిలో సర్కారు డాక్టర్లుగా చేరారని తెలిసినప్పుడు, జబ్బేమీ లేకపోయినా ఒకసారి అటు వెళ్లి చూసొద్దామా అనిపించింది నీకు.

"జెండర్ ఏం పెట్టాలె?" ఆపరేటర్ కుర్రాడు అడుగుతాడు. తెర మీద మూడు అక్షరాలు: ఎం, ఎఫ్, టీ.

ఇక్కడ తొందరపడకూడదు. ఆధార్‌లో పేరు రెండుసార్లు మార్చుకోవచ్చు, జెండర్ మాత్రం ఒక్కసారే. కలెక్టరిచ్చిన మొదటి పత్రంతో వచ్చేది టీ. ఎఫ్ కావాలంటే ఆపరేషన్ జరిగిందని ఆసుపత్రి రాసిచ్చిన కాగితంతో మళ్లీ కలెక్టరుకే పెట్టుకోవాలి. ఇప్పుడు టీ పెట్టేస్తే, రేపు డబ్బు కూడి ఆపరేషన్ అయ్యాక ఎఫ్ కోసం ఎవరెవరి కాళ్లు పట్టుకోవాలి? ఇది ఒక్క అక్షరం గొడవ కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మీద శారీరక, లైంగిక హింసకు 2019 చట్టంలో శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. మహిళ మీద అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు. అక్షరాన్ని బట్టి మనిషి ఒంటికి ధర కట్టిన చట్టమిది. దాన్ని రక్షణ చట్టమని పిలవడానికి నాకైతే నోరు రాదు.

నీ వెనక జనం కదులుతున్నారు. "టీ పెట్టు తమ్మీ" అంటావు. అబద్ధమేం కాదు కదా.

వేలిముద్రలు. రోజంతా మగ్గం సూది గుచ్చుకునే వేళ్లు. మిషను రెండుసార్లు కాదంటుంది. తడిగుడ్డతో తుడిచి గట్టిగా నొక్కుతావు, పచ్చ లైటు. ఫొటోకి జుట్టు సర్దుకుంటావు. కుర్రాడు ఇంగ్లిషులో పేరు కొడతాడు, తెలుగు దానంతటదే పక్కన పడుతుంది, "ణ" ఉండాల్సిన చోట "న" తో. "తప్పుంది తమ్మీ, ణ పెట్టు." "ఏం కాదక్కా, ఇంగ్లిషుల కరెక్టుంటే చాలు." నువ్వు కదలవు. ఇంతదూరం వచ్చింది ఈ పేరు కోసమే. విసుక్కుంటూనే "ణ" వెతికి పెడతాడు. వంద రూపాయలు, ఒక రసీదు.

కొత్త ఆధార్ వచ్చింది. బ్యాంకు పుస్తకం మీద పేరు మారింది. బొటిక్ మేడమ్ జీతాల చీటీ మీద కూడా మార్చింది. అప్పుడు మొదలైంది అసలు తమాషా. ఏటీఎంలో ఇరుక్కున్న కార్డు గురించి బ్యాంకుకు ఫోన్ చేస్తావు. అవతల అమ్మాయి నీ పేరు, పుట్టిన తేదీ, ఊరు అడుగుతుంది. అన్నీ సరిగ్గానే చెబుతావు.

"సార్, ఖాతాదారుతో మాట్లాడాలండీ. మేడమ్‌కి ఇవ్వండి."

"నేనే మేడమ్‌ని."

నిశ్శబ్దం. "సారీ సార్, భద్రతా కారణాల రీత్యా..."

ఇన్నాళ్లూ గొంతు పేరుకు సరిపోయేది, మొహం సరిపోయేది కాదు. ఇప్పుడు మొహం సరిపోయింది, గొంతు అడ్డం తిరిగింది. కౌంటరు దగ్గర గెలిచింది ఫోన్‌లో పోయింది. హార్మోన్లు జుట్టునూ చర్మాన్నీ మెత్తబరుస్తాయి కానీ, ఒకసారి బొంగురుపోయిన గొంతును వెనక్కి తేలేవు. చివరికి ఇంటి ఓనరమ్మ చేతికి ఫోనిస్తావు. ఆమె నీ పేరు, నీ పుట్టిన తేదీ, నువ్వు చెవిలో చెబుతుంటే పోలీసు స్టేషన్‌లో వాంగ్మూలమిస్తున్నట్టు వల్లిస్తుంది. కార్డు బ్లాకయింది, కొత్తది పంపుతారట. బ్యాంకు భద్రత ఆ విధంగా నిలబడింది. ఓనరమ్మకు నీ పుట్టినరోజు తెలిసిపోయింది, ఆ రోజున సేమ్యా పాయసం చేస్తానంటుంది. ఈ గది దొరకడానికి మాత్రం బోరబండలో ఎన్ని గడపలు ఎక్కి దిగావో. టులెట్ బోర్డు వేలాడుతుండగానే "ఇల్లు ఇచ్చేసినం" అన్నవాళ్లే అంతా.

ఇంకా పదో తరగతి మెమో ఉంది. అన్నిటికీ వేరు అదే. ఎవరికి ఏ సందేహం వచ్చినా "టెన్త్ మెమో తీస్కరా" అంటారు. అందులో ఆ పేరు, ఆ మార్కులు. లెక్కల్లో ఎనభై రెండు. అవి నీవే కదా! వాటిని ఆ కుర్రాడికి వదిలేసి రావడం నీకిష్టం లేదు. బోర్డుకు దరఖాస్తు రాయాలి, స్కూలు నుంచి ఉత్తరం కావాలి, స్కూలేమో ఊళ్లో ఉంది.

ఊరి నుంచే ఫోన్. అమ్మ.

"తిన్నవా బిడ్డా?"

నువ్వు ఇల్లు విడిచిన కొత్తలో ఆమె పిలుపు "కొడుకా." ఎప్పుడు మారిందో నువ్వు గమనించలేదు, ఆమెనూ అడగలేదు.

"తిన్న. నువ్వు?"

"రేషన్ కార్డుల పేరున్నోళ్లంత వేలిముద్ర వెయ్యాల్నట. లేకుంటే పేరు తీసేస్తరట. నీ బియ్యం పోతయని కాదు గని..."

"నాన్న ఏమన్నడు?"

"ఏమంటడు. కార్డు తీసి బల్ల మీద పెట్టిండు. ఎవ్వరి పేరు తియ్యొద్దన్నడు." కాసేపాగి గొంతు తగ్గిస్తుంది. "రాత్రి బస్సుకు రా బిడ్డా. తెల్లారకముందే ఇంట్లకొస్తవు. ఎవ్వరు చూడరు."

గోడకు తగిలించిన మగ్గం చట్రం మీద ఎవరిదో పెళ్లి జాకెట్టు సగం కుట్టి ఉంది. శుక్రవారానికి ఇవ్వాలి.

"శనివారం పొద్దున బస్సుకొస్త అమ్మా. డీలర్ దుకాణం పదింటికి తీస్తడు గదా. స్కూల్ల కూడ పనున్నది."

"సార్లు అడుగుతరేమో."

"అడగనీ. కాగితాలన్నీ తెస్తున్న."